ఏడో నంబరు మొహం తిప్పుకుంది

డల్సీ పాస్కోకి మొగుడి మీద ఫిర్యాదులు ఎక్కువేం లేవు, రెండే రెండు. ఒకటి, క్లారీ ఏ వస్తువునీ పారేయడు. రెండు, ముఖ్యమైన సంగతి ఏదైనా సరే, ఆమె చెవులు పనిచేయని సమయం చూసుకుని మరీ చెబుతాడు.

తనకి రైల్వేలో ప్రమోషన్ వచ్చిన సంగతి ఆమె షవర్ కింద ఉన్నప్పుడు చెప్పాడు. వాళ్ళమ్మ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి ఆమె వాక్యూమ్ క్లీనర్ నడుపుతున్నప్పుడు చెప్పాడు. అసలు పెళ్ళి చేసుకుందామా అని అడగడమే లెవెల్ క్రాసింగ్ దగ్గర, గూడ్సు బండి దడదడమని పోతుండగా అడిగాడు. ఆమె "ఆఁ?" అంది. అతను దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ముప్పై ఆరేళ్ళయింది. ఆ ప్రశ్న అతను రెండోసారి అడగలేదు, ఆమె కూడా జవాబు మార్చుకోలేదు.

మొన్న మంగళవారం సాయంత్రమూ అంతే. పెనం మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి, పొగ లాగే ఫ్యాను హోరెత్తిపోతోంది. వెనకాల నిలబడి క్లారీ ఏదో చెప్పాడు. మామూలుగా రెండు ముక్కల్లో తేల్చేసే మనిషి ఆరోజు చాలాసేపే చెప్పాడు, చేతులు కూడా తిప్పాడు. డల్సీ సాసేజీలు తిరగేస్తూ, "మంచిది, మంచిది," అంది. ఏది మంచిదో ఆమెకి తెలియదు.

గురువారం పొద్దున తొమ్మిదీ పదికి ఫోను మోగినప్పుడు కూడా ఆమె మొగుణ్ణే తిట్టుకుంటోంది. తెల్లవారగానే పడవేసుకుని చేపలకి పోతూ పోతూ ఎరల డబ్బా సింకులో వదిలేసి పోయాడు.

"డల్సీ, ఒక్కసారి ఊరి హాలుకి వస్తావా," అంది అవతల మెర్ల్ హ్యాడ్‌గ్రాఫ్ట్. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. "ఏడో నంబరు మొహం తిప్పుకుంది. మీ బావగారు నేనే దొంగనంటున్నాడు."

డల్సీ ఏప్రన్ విప్పి పడేసి, గోడకి తగిలించిన భూతద్దం మెడలో వేసుకుంది.

ఆ భూతద్దం ఆమె ఉద్యోగం నాటిది. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసింది. ఈగ పట్టిన పండు ఒక్కటి కూడా గేటు దాటకుండా చూడ్డం ఆమె పని. "పండ్లేమైనా ఉన్నాయా?" అని అడిగి, జవాబు చెప్పినవాళ్ళ మొహం చూసి, కారు డిక్కీలో మామిడిపండు ఎక్కడ దాచారో చెప్పేసేది. రిటైరయ్యాక కురాలీ ఊళ్ళో రెండు చిక్కుముళ్ళు విప్పింది. బౌలింగ్ క్లబ్బు వెండి కప్పు దొరకబుచ్చింది. ఫాదరీగారి కోళ్ళని ఎత్తుకుపోయిన కుక్క ఏదో తేల్చింది. ఆ రెండో కేసులో అప్పటికే ఇంకో కుక్కని కట్టేసి కూర్చున్న పెద్దమనిషి రాస్ పాస్కో, రిటైర్డ్ పోలీస్ సార్జెంటు, ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షుడు, క్లారీకి స్వయానా అన్న. ఆ కుక్క విషయంలో తాను పొరబడ్డానని ఆయన ఈనాటికీ అనలేదు.

తొమ్మిదీ పాతికకి ఆమె హాల్లో అడుగు పెట్టేసరికి రాస్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"డల్సీ, ఇది నేరం జరిగిన చోటు. పండ్ల కొట్టు కాదు."

"తెలుసు బావగారూ. పండ్ల కొట్టయితే మీరు గుమ్మంలో ఎందుకుంటారు, లోపలే ఉండేవారు. కాస్త జరగండి."

హాలు వెనక గదిలో పన్నెండు బొమ్మలు వరసగా వేలాడుతున్నాయి. నూట ముప్పై ఏళ్ళ కిందట నది ఒడ్డు పొలంలో ఉండే క్వెనెల్ అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గొంగళిపురుగులని ఇంట్లో పెట్టెల్లో పెంచి, అవి గూడు కట్టుకుని, శలభాలై బయటికొచ్చి, ఇంకా రెక్కలు ఆరకముందే చూసి చూసి వేసిన నీటిరంగుల బొమ్మలు. అక్కాచెల్లెళ్ళ వీలునామాలో ఒక మాట ఉంది. పన్నెండూ కలిసి కురాలీలో ఉన్నంతకాలం అవి ఊరివి. ఒక్కటి పోయినా మిగిలిన పదకొండూ సిడ్నీ గ్యాలరీకి. పదేళ్ళకోసారి అక్కణ్ణించి ఒక అధికారి వచ్చి చూసి పోతారు. వచ్చే గురువారం రావలసిన ఆ అధికారి, పని తొందరుండి, ఈ గురువారమే వస్తున్నానని నిన్న కబురు పంపింది. మధ్యాహ్నం మూడింటికి.

మెర్ల్ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఆమె ముత్తవ్వ క్వెనెల్ అమ్మాయిల ఇంట్లో పనిపిల్ల. చెట్టెక్కి పురుగులు ఏరి తెచ్చింది ఆవిడే. ఇరవై రెండేళ్ళుగా ఈ గది తాళంచెవి మెర్ల్ దగ్గర ఉంటుంది. పొద్దున పదింటికి కర్టెన్లు తీయడం, ఎండ తగిలి రంగులు వెలిసిపోకుండా పన్నెండింటికి మూసేయడం ఆమె పని. ఇవాళ ఆ తాళంచెవి రాస్ జేబులో ఉంది.

"ఏం జరిగింది మెర్లక్కా? వరసగా చెప్పు."

"ఎనిమిదీ నలభైకి వచ్చాను. ఆవిడ వస్తుందని ముందే కర్టెన్ తీశాను. ఏడో నంబరులో పైకొమ్మ మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్న చక్రవర్తి శలభం ఎప్పుడూ ఎడమవైపుకి, తలుపు వైపుకి చూస్తుంటుంది. రోజూ నేనొచ్చానా లేదా అని చూస్తున్నట్టే ఉండేది. ఇవాళ నాకు వీపు చూపించింది. కిందున్న పచ్చ గొంగళిపురుగు కూడా కిటికీ వైపుకి పాకుతోంది."

"పాకిందట!" అన్నాడు రాస్. "డల్సీ, ఇది అసలు బొమ్మ కాదు. ఈ బొమ్మలతో వేసిన పాత పుస్తకంలోంచి చించిన అచ్చు కాయితం. అంచున మరక కూడా ఉంది. ఎనిమిదీ యాభైకి నేనొచ్చి చూడగానే పట్టుకున్నాను."

"నిజమే," అంది డల్సీ. "ఆ అమ్మాయిలు బొమ్మ ఎలా ఉందో అచ్చు వేసే రాతిపలక మీదా అలాగే గీశారు. అచ్చు వేసేసరికి అద్దంలో చూసినట్టు అటుది ఇటయింది. బొమ్మలో ఎడమకి చూసేది పుస్తకంలో కుడికి చూస్తుంది."

"అది నాకూ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

రాస్ వినపడనట్టు మెర్ల్ చేతిసంచిలోంచి మూడు వస్తువులు తీసి బల్ల మీద పరిచాడు. గోధుమరంగు చుట్టుడు కాయితం. పురికొస. రేపటి తేదీతో సిడ్నీకి రైలు టికెట్టు.

"గదికి తాళంచెవి ఒక్కటే. అది ఈమె దగ్గరే ఉంది. నిన్న బుధవారం ఒంట్లో బాగాలేదని గది తెరవనేలేదు. రేపు సిడ్నీ ప్రయాణం. ఇంకేం కావాలి? రెండున్నర దాకా టైమిస్తాను. బొమ్మ బయటపెడితే సరే. లేకపోతే స్టేషనుకి ఫోను చేస్తాను."

"నాకో గంట చాలు. కానీ ఒక షరతు. మెర్లక్క దొంగ కాదని తేలితే, మీరు అందరి ముందూ 'తప్పు నాదే' అనాలి."

రాస్ మెడ ఎర్రబడింది. "నువ్వు పొరబడితే?"

"నేనంటాను. నాకేం, నోటికి బలుపు లేదు."

డల్సీ కుర్చీ లాక్కుని మెర్ల్ ఎదురుగా కూర్చుంది. చెక్‌పోస్టులో ఆమె నేర్చుకున్న విద్య ఒకటే. ప్రశ్న అడగాలి, నోరు మూసుకోవాలి, మనసులో ఏడు లెక్కపెట్టాలి. ఆరు దాకా బిగబట్టుకున్నవాళ్ళు కూడా ఏడో అంకెకి మామిడిపండు బయటపెడతారు.

"నిన్న ఒంట్లో ఏమయింది మెర్లక్కా?"

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"జవాబు చెప్పవేం?" అని గద్దించాడు రాస్.

"బావగారూ, మీరు ఒక్క ఏడు సెకన్లు ఊరుకోగలరా? కావాలంటే ఊపిరి తీసుకోవచ్చు." మళ్ళీ మెర్ల్ వైపు తిరిగింది. "నిన్న ఎక్కడికెళ్ళావు?"

ఏడో అంకె దగ్గర మెర్ల్ నోరు విప్పింది. "కంటి డాక్టరు దగ్గరికి. రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి డల్సీ. రేపు సిడ్నీలో ఆపరేషను. ఆ కాయితం, తాడు నర్సమ్మ కోసం. నారింజ మార్మలేడ్ సీసాలు రెండు కట్టి పట్టుకెళదామని. కళ్ళు కనపడవని తెలిస్తే మీరంతా తాళంచెవి తీసేసుకుంటారని చెప్పలేదు."

"కళ్ళు కనపడని మనిషి ఆ పురుగు ఎటు తిరిగిందో ఎలా కనిపెట్టింది మరి?" అన్నాడు రాస్.

"మీ తమ్ముడు గదిలోకొస్తే నేను కళ్ళు మూసుకునే చెప్పగలను, అలాగే," అంది డల్సీ. "మంగళవారం పన్నెండింటికి కర్టెన్ మూసినప్పుడు ఎటు చూస్తోంది?"

"తలుపు వైపే. ప్రమాణం చేసి చెప్తాను."

"అయితే పని జరిగింది మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకీ, ఇవాళ పొద్దున ఎనిమిదీ నలభైకీ మధ్య. మీకు ఎనిమిదీ యాభైకి తెలిసిందంటే మెర్లక్క చెబితేనే తెలిసిందన్నమాట. దొంగే పిలిచి దొంగతనం చూపిస్తుందా బావగారూ? ఇక తాళంచెవి ఒక్కటే అన్నారు. పెరట్లో కొళాయి పక్కన సిమెంటు కప్ప ఉంది చూశారా, దాని పొట్ట కింద ఏముంది?"

కప్ప కింద రెండో తాళంచెవి ఉంటుందని ఊళ్ళో పాలు పోసేవాడికి కూడా తెలుసు. దాన్ని అక్కడ పెట్టించింది అధ్యక్షుడు రాస్ పాస్కో.

"పోనీ, ఆ పురుగునే అడుగు ఎవరు తీశారో," అని గొణిగాడు.

"చక్రవర్తి శలభానికి నోరుండదు బావగారూ. రెక్కలొచ్చాక తిండి తినదు, మాట్లాడదు, ఉన్న రెండు వారాలూ మర్యాదగా బతికి పోతుంది. నోరున్నవాళ్ళతోనే నాకు పని."

మెర్ల్ కళ్ళు తుడుచుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వస్తూ వస్తూ ట్రేలో లామింగ్టన్లు కూడా తెచ్చింది. చాక్లెట్లో ముంచి కొబ్బరికోరు అద్దిన కేకు ముక్కలు. మధ్యాహ్నం అతిథి కోసం మహిళలందరూ కలిసి చేసినవి.

"పైట్రేలోవే తీశాను, కొంచెం గట్టిగా ఉంటాయి," అంది. "ఫ్రీజరు అడుగుదాకా అవే. కింద చెయ్యి పెట్టే సందు లేదు."

డల్సీ కేకు ముక్క కొరికి, నమలడం ఆపేసింది. నోట్లో గడ్డకట్టిన కేకు వల్ల కాదు. ఏదో తక్కువైంది. హాల్లో ఎప్పుడూ ఉండేది ఇవాళ లేదు.

"కొళాయి!" అంది. "వంటింటి కొళాయి కారడం లేదేం?"

మూడు నెలలుగా అది తపక్ తపక్‌మని కారుతోంది. బాగుచేయమని ఆమె క్లారీకి చెప్పినన్నిసార్లు పెళ్ళిలో ఫాదరీ కూడా మంత్రాలు చెప్పి ఉండడు.

"దానంతటదే ఆగిపోయింది పాపం," అంది మెర్ల్.

"కొళాయిలు వాటంతటవి ఆగవు మెర్లక్కా."

ఆమె గబగబా ఏడో నంబరు దగ్గరికి వెళ్ళి చట్రాన్ని గోడ మీంచి దింపి బల్ల మీద బోర్లా పెట్టింది. ముందు వాసన చూసింది. యూకలిప్టస్ నూనె, క్లారీ దేన్ని తుడిచినా వాడేది. చెక్కంతా ఈమధ్యే తుడిచారు. అచ్చు కాయితం అడుగున గోధుమరంగు గీత ఒకటి అలలా పోయింది. అది వరదనీటి మరక. డెబ్బై ఒకటి వరదలో లైబ్రరీ నడుం లోతు మునిగి, ఈ శలభాల పుస్తకంతో సహా పుస్తకాలన్నీ చెత్తకుప్పకి పోయాయి. అంటే, పోయాయని ఊరంతా అనుకుంది. డల్సీకి మాత్రం తెలుసు, నాలుగు పెట్టెల పుస్తకాలు చెత్తకుప్ప దాకా పోలేదని. పోయిన క్రిస్మస్‌కి ఆమె మొగుడికి తెగేసి చెప్పింది కూడా: షెడ్డులో ఆ కుళ్ళు పుస్తకాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి. మర్నాడు షెడ్డు ఖాళీగా కనిపించింది. పడవ మీద టార్పాలిన్ మటుకు కాస్త ఎత్తుగా కనిపించింది.

గుండెలో ఎక్కడో కొళాయి మళ్ళీ కారడం మొదలైంది.

చివరిగా చట్రం వెనక తీగ చూసింది. దాన్ని కొత్తగా కట్టారు. అయిదు చుట్లు తిప్పి, కొసని మెడ కింద దోపి, బిగించిన ముడి. చేపల గాలానికి వేసేది. అందరూ వేసేది కాదు. ఒక చుట్టు ఎక్కువ. పాస్కోల నాన్న ఇద్దరు కొడుకులకీ నేర్పిన ముడి.

"బావగారూ," అంది నెమ్మదిగా, "ఈ ముడి ఊళ్ళో ఇద్దరికే తెలుసు. మంగళవారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"నన్నా? నన్నే అడుగుతున్నావా?" రాస్ మీసం లేచి నిలబడింది. "నాలుగు నుంచి ఏడు దాకా బౌలింగ్ క్లబ్బులో ఉన్నాను. పదహారు మంది సాక్షులున్నారు. అందులో పద్నాలుగు మందిని ఓడించాను."

"అయితే మిగిలింది ఒక్కరే."

రాస్ వంగి ముడి చూశాడు. చూసి, వేలితో ఒకసారి తడిమాడు. మీసం దానంతటదే వాలిపోయింది.

"నా తమ్ముడు దొంగ కాదు," అన్నాడు.

"కాయితం, తాడు, టికెట్టు దొరికితే మెర్లక్క దొంగ. వాసన, మరక, ముడి దొరికితే తమ్ముడు మాత్రం కాదా? ఇదెక్కడి న్యాయం బావగారూ?"

"వాడికి బొమ్మెందుకు? వాడు పటాలు చూడనే చూడడు!"

డల్సీకీ అదే అంతుబట్టలేదు. దొంగ ఎవరో తెలిసింది. మంగళవారం రాత్రి తన వంటింట్లోనే కూర్చుని నాలుగు సాసేజీలు తిన్నాడు. బుధవారం పొద్దున టోస్టు మీద వెన్న తక్కువైందని సణిగాడు. ఇవాళ నదిలో ఎక్కడో గాలం వేసుకుని కూర్చున్నాడు. చేపలతో రెండింటికి గానీ రాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆమె ఎవరి డిక్కీ తెరవడానికీ జంకలేదు. సొంత డిక్కీ తెరవాల్సి వస్తే చెయ్యి ఆడడం లేదు.

పదకొండూ నలభై అయింది. పన్నెండున్నర అయింది. రాస్ మూడుసార్లు ఫోను దగ్గరకి వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాడు. మెర్ల్ మాత్రం క్లారీ పేరు వినగానే తన కష్టం మర్చిపోయి, "అయ్యో, క్లారీ అలాంటివాడు కాదు. నా కంచెకి రంగేసింది అతనే," అని ఇద్దరికీ ఇంకో రెండు ముక్కలు లామింగ్టన్ వడ్డించింది.

రెండింటికి డల్సీ చివరి ప్రయత్నంగా భూతద్దం కంటికి ఆనించి చట్రం నాలుగు మూలలూ వెతికింది. కింద మూల చీలికలో గింజంత గొట్టం ఒకటి కనిపించింది. పట్టుదారంతో అల్లిన గొట్టం, లోపల బూడిదరంగు ఉన్ని పొడి. సూది మొనతో బయటికి లాగింది.

"చెత్త," అన్నాడు రాస్.

"చెత్త కాదు. చిమ్మెట గూడు. ఉన్ని తినే పురుగు." ఆమె కళ్ళు మెరవడం మొదలుపెట్టాయి. "బొమ్మల వెనక ఉన్ని గుడ్డ వేసి కట్టారు పాతకాలంలో. శలభం బొమ్మ వెనకే చిమ్మెటలు కాపురం పెట్టాయి బావగారూ! శలభాలూ చిమ్మెటలూ ఒక జాతే. చుట్టం ఇంటికొచ్చి ఇల్లు తినేస్తున్నాయి! ఫిబ్రవరిలో నేనిచ్చిన ఉపన్యాసం గుర్తుందా?"

"ఆ పురుగుల ఉపన్యాసమా? ముప్పావుగంట. ఎలా మర్చిపోతాను, నిద్ర పట్టింది."

అందరికీ పట్టింది. కేకు తినడానికి మాత్రం లేచారు. వెనక వరసలో క్లారీ నోరు తెరుచుకుని నిద్రపోయాడని ఆమె వారం రోజులు మాట్లాడలేదు. ఆ రోజు బోర్డు మీద ఆమె పెద్దక్షరాలతో రాసింది: పురుగు కనిపిస్తే దులపొద్దు, మందు కొట్టొద్దు. సంచిలో పెట్టి మూతి బిగించండి. చీటీ అంటించండి. వారం రోజులు మంచులో పెట్టండి. ఊరంతా చాటి కంగారు పుట్టించకండి, నాకొక్కదానికి చెప్పండి.

"వారం రోజులు మంచులో," అంది పైకే. "మెర్లక్కా, ఫ్రీజరు అడుగుదాకా లామింగ్టన్లే అన్నావు. ఎన్ని ట్రేలు పెట్టారు?"

"ఆరు. ఎప్పుడూ తొమ్మిది పట్టేది. ఈసారి ఆరుకే నిండిపోయింది, ఎందుకో మరి."

డల్సీ పరుగెత్తింది. అరవై ఒకటో ఏట ఆమె పరుగు చూసినవాళ్ళు అరుదు. రాస్ వెనకే పరుగెత్తాడు. మెర్ల్ గోడ పట్టుకుని వచ్చింది. ట్రేలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద, నేల మీద, చివరికి రాస్ రెండు చేతుల్లో పెట్టింది. అన్నిటికన్నా అడుగున, రెండు అట్టల మధ్య, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పలచటి పొట్లం. నాలుగు వైపులా టేపుతో బిగించి ఉంది. పైఅట్ట పక్కకి జరిగిన చోట, సంచి లోపలి నుంచి గులాబీరంగు రెక్క, దాని మీద కన్నులాంటి మచ్చ కనిపించాయి. తల ఎడమవైపుకి తిరిగి ఉంది.

మెర్ల్ మొహం ఆనించి చూసింది. "వచ్చావా తల్లీ," అంది.

రాస్ ట్రేలు కింద పడేసి, జేబులోంచి చాకు తీసి సంచి అందుకున్నాడు. "ముందు బయటికి తీద్దాం, బాగుందో లేదో..."

"విప్పొద్దు!"

ఆ కేక హాలు బయట దాకా వినిపించింది. రాస్ చాకు గాల్లోనే ఆగింది.

"మంచుముద్దలా ఉన్న కాయితం అది. ఈ వెచ్చటి వంటింట్లో సంచి కోశారంటే క్షణంలో చెమ్మ పడుతుంది. నీటిరంగులు! నూట ముప్పై ఏళ్ళు నిలిచింది మీ చాకుతో ఒక్క నిమిషంలో కారిపోతుంది. సంచిలోనే, మూత తీయకుండా, రేపటిదాకా మెల్లగా కరగాలి."

"అయితే మూడింటికి ఏం చూపిస్తావు? సంచీనా?"

"సంచీ చాలు," అంది గుమ్మంలోంచి ఎవరో.

చిన్న పెట్టె చేత్తో పట్టుకుని నిలబడిన మనిషి, నల్లటి జుట్టు, బూట్లకి ఎర్రదుమ్ము. సిడ్నీ నుంచి రావలసిన మిస్ స్టావ్రూ. రెండూ ఇరవైకే వచ్చేసింది. నేల మీద దొర్లిన లామింగ్టన్లని జాగ్రత్తగా దాటుకుంటూ వచ్చి, సంచి మీదకి వంగి, చాలాసేపు చూసింది. డల్సీ అలవాటుగా లెక్కపెట్టింది. ఏడు దాటింది, పదకొండు దాటింది.

"గదిలో పదకొండు చూసే వస్తున్నాను. దీంతో పన్నెండు," అంది మిస్ స్టావ్రూ. "చిమ్మెటలా? మేమూ ఇలాగే చేస్తాం. కాకపోతే మా ఫ్రీజర్లో కేకులుండవు. ఇంత పద్ధతిగా కట్టింది ఎవరు? సిడ్నీకి తీసుకెళ్ళాల్సింది బొమ్మల్ని కాదు, ఈ మనిషిని."

మెర్ల్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి ఇంకా సంచి మీదే ఉంది.

"సంచి వెనక చీటీ ఉంది," అంది మిస్ స్టావ్రూ. "మంచు పట్టింది, కొంచెం చదవండి."

రాస్ బొటనవేలితో మంచు గీకి, సార్జెంటు గొంతుతో చదివాడు. "'మంగళవారం, సాయంత్రం అయిదూ నలభై. ఏడో నంబరు. కొళాయి బాగుచేస్తుంటే గోడ మీద పురుగు కనిపించింది, చూస్తే పటం వెనక చిమ్మెట పిల్లలు. గోడ బోసిగా ఉండకుండా నా దగ్గరున్న అచ్చు కాయితం పెట్టాను. వచ్చే మంగళవారం దాకా తీయొద్దు. ఎవరికీ చెప్పలేదు.'" ఆగాడు. ఆయన మొహం మీద ఉదయం నుంచి లేని వెలుగు మెల్లగా పాకింది. తర్వాతి ముక్క ఒక్కో మాటా చప్పరిస్తూ చదివాడు. "'ఇన్‌స్పెక్టర్ పాస్కోకి మాత్రం ఆరున్నరకి చెప్పడమైనది. ఆమె మంచిది, మంచిది అన్నారు. సంతకం, సి.పి.' మళ్ళీ తిరిగొచ్చి మరీ ఈ ముక్క చేర్చాడు, సిరా రంగు వేరు."

"ఈ ఇన్‌స్పెక్టర్ పాస్కో ఎవరు?" అని అడిగింది మిస్ స్టావ్రూ.

అందరూ డల్సీ వైపు చూశారు. నీళ్ళ కెటిల్ బుసబుసమని మరుగుతోంది.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తెరుచుకుంది. బకెట్ నిండా చేపలతో క్లారీ లోపలికొచ్చాడు. నేల మీద కేకులు, అన్న చేతిలో చాకు, పెళ్ళాం మెడలో భూతద్దం చూశాడు. చూసి, బకెట్ కింద పెట్టాడు.

"శనివారం విందుకని చేపలు తెచ్చాను. ఫ్రీజర్లో పెడదామని," అన్నాడు. "దాన్ని అప్పుడే తీశారా? ఇంకా అయిదు రోజులుంది. నీ ఉపన్యాసంలో వారం అన్నావుగా డల్సీ."

"నువ్వు నిద్రపోయావుగా!"

"కళ్ళు మూసుకున్నాను. చెవులు కాదు."

రాస్ జేబులోంచి తాళంచెవి తీసి మెర్ల్ ఒళ్ళో పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. "పరిస్థితులు అలా కనిపించాయి మెర్ల్. కొంచెం తొందర... అంటే, ఎవరైనా అలాగే..." రేపు రైలు దగ్గరికి తన కారులో దింపుతానని చెప్పి, నేల మీద పడని ట్రే ఒకటి వెతికి, మొదటి ముక్క ఆమెకే ఇచ్చాడు. పాస్కోల ఇంట్లో దాన్ని క్షమాపణ అనే అంటారు.

"షరతు, బావగారూ," అంది డల్సీ.

"షరతు ఇద్దరికీ ఉంది అమ్మాయ్," అన్నాడు రాస్. "నేను దొంగని తప్పుగా పట్టాను. నువ్వు దొంగతనమే లేనిచోట పొద్దుట్నుంచీ దొంగని వెతికావు. నీకు ముందే తెలిసిన సంగతి! నువ్వు ముందు."

డల్సీకి చెక్‌పోస్టు గేటు దగ్గర నిలబడ్డ కార్లవాళ్ళందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. ఇలా ఉంటుందన్నమాట ఏడో అంకె. ఆమె క్లారీ వైపు చూసింది. ఊళ్ళో ఆమె ఉపన్యాసం మొత్తం విన్న ఒకే ఒక్క మనిషి, చేపల వాసన కొడుతూ, చొక్కాకి పొలుసులంటించుకుని నిలబడి ఉన్నాడు. ఆమె పారేయమన్న పుస్తకంలోంచి కాయితం తెచ్చి గోడ బోసిపోకుండా చూసింది కూడా అతనే.

"మంగళవారం నువ్వు చెప్పింది నేను వినలేదు క్లారీ," అంది. "ఆ పుస్తకాల విషయంలో కూడా. తప్పు నాదే."

క్లారీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. కెటిల్ ఇంకా హోరుమంటోంది.

"ఆఁ?" అన్నాడు.

డల్సీ వెళ్ళి కెటిల్ స్విచ్ ఆపింది. హాలంతా నిశ్శబ్దమైంది. కొళాయి కూడా కారడం లేదు. ఆమె మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి, వెనక గదిలో వేలాడుతున్న పదకొండు శలభాలకి కూడా వినపడేలా అంది.

"తప్పు నాదే అన్నాను!"